ట్రావెల్ డీల్ దొరికితే నలుగురికీ పనికొచ్చేలా చెప్పడం ఎలా?

"అదిరిపోయే డీల్, త్వరపడండి!!" అంటూ గ్రూపులో ఓ స్క్రీన్‌షాట్ పడుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడికో సగం కత్తిరించుకుపోయి ఉంటుంది, తేదీ కనపడదు, ఆ ధర రానూపోనూ కలిపా ఒకవైపుకేనా అర్థం కాదు, టాక్సులు అందులో ఉన్నాయో లేవో దేవుడికే ఎరుక. కింద పాతిక మంది అడిగిందే అడుగుతుంటారు. పోస్టు పెట్టినాయన ఫోన్ పక్కన పడేసి నిద్రపోయి ఉంటాడు, తెల్లారేసరికి డీల్ ఉండదు. పాయింట్లు, మైళ్లు (కార్డు వాడినందుకో విమానం ఎక్కినందుకో కంపెనీలు ఇచ్చేవి, వాటితో టికెట్లు కొనొచ్చు), చవక టికెట్ల పిచ్చి ఉన్న ఏ గుంపులో చూసినా ఇదే తంతు.

డీల్ కంటపడటం సగం అదృష్టం. దాన్ని ఇంకొకరు తమ ఫోన్లో మళ్లీ చేసి చూసుకునేలా చెప్పడం మాత్రం పూర్తిగా మన చేతిలో పని. ఇక్కడ రాసేది ఆ రెండో దాని గురించే, వెతకడం ఎలా అన్నది వేరే కథ.

1. ముందు డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి రండి

ధరలు పోల్చి చూపించే సైట్లలో కనపడే అంకె చాలాసార్లు పాతది. ఎవరో కొన్ని గంటల కిందట వెతికినప్పుడు వచ్చిన ధరను దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ అదే చూపిస్తుంటాయి, ముఖ్యంగా నెల మొత్తాన్ని క్యాలెండర్‌లా పరిచి చూపించే పేజీల్లో. అందుకని ధర కనపడగానే పోస్టు పెట్టేయకండి. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోకి వెళ్లి, ప్రయాణికుల వివరాలు దాటుకుని, కార్డు నంబర్ అడిగే పేజీ దాకా రండి. అక్కడ కూడా అదే ధర నిలబడితే అప్పుడు దాన్ని డీల్ అనొచ్చు.

ఆఫర్లయితే ఇంకో పరీక్ష ఉంది. లాగౌట్ అయిపోయి, ప్రైవేట్ విండోలో అదే లింక్ తెరవండి. చాలా బోనస్ ఆఫర్లు కొన్ని అకౌంట్లను ఎంచుకుని వాటికి మాత్రమే పంపుతారు. మీకు కనపడింది పక్కవాళ్లకు కనపడాలని ఏమీ లేదు. కుదిరితే ఒక్క స్నేహితుణ్ని అడిగి వాళ్ల అకౌంట్‌లో చూడమనండి, రెండు నిమిషాల పని. "ఇది అందరికీ రాకపోవచ్చు" అన్న ఒక్క ముక్క ముందే రాస్తే సగం గొడవ తగ్గుతుంది.

పాయింట్లతో కొనే అవార్డ్ టికెట్ల దగ్గర మోసం మరీ ఎక్కువ. ఒక ఎయిర్‌లైన్ సైట్‌లో దాని భాగస్వామి విమానంలో సీటు ఖాళీగా ఉన్నట్టు కనపడుతుంది, తీరా నొక్కితే ఎర్రర్. వీటినే ఫాంటమ్ సీట్లు అంటారు. ఇలాంటి సీటును అదే కూటమిలోని ఇంకో ఎయిర్‌లైన్ సైట్‌లో కూడా వెతికి చూడాలి. ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టుకున్న పెద్ద కూటములు స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్, స్కైటీమ్, పెద్ద ఎయిర్‌లైన్స్‌లో చాలా భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో ఉంటాయి కాబట్టి రెండో చోట చూసుకోవడం కష్టం కాదు. రెండు చోట్లా కనపడితే నమ్మొచ్చు. ఒక్క చోటే కనపడితే అది ఫాంటమ్ అయినా కావచ్చు, ఆ ఎయిర్‌లైన్ తన సొంత సభ్యులకు మాత్రమే విడిచిపెట్టిన సీటైనా కావచ్చు. పోస్టులో ఆ మాట రాసేయండి.

2. లెక్క వేసి చూపించండి, విశేషణాలు తర్వాత

"సూపర్ వాల్యూ" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఒక్క పాయింటుకు ఎంత గిట్టుతుందో చెప్పండి. డబ్బుతో కొంటే అయ్యే ధరలోంచి, అవార్డ్ టికెట్‌కు మన జేబులోంచి కట్టే టాక్సులు తీసేసి, మిగిలినదాన్ని పాయింట్లతో భాగించాలి. ఒక టికెట్ 510 డాలర్లు ఉందనుకోండి, అదే టికెట్ 30,000 పాయింట్లు, పైన 60 డాలర్ల టాక్సులకు వస్తోంది. 450ని 30,000తో భాగిస్తే పాయింటుకు ఒకటిన్నర సెంటు. ఇది బాగుందా లేదా అన్నది చదివేవాళ్లు తమ దగ్గరున్న పాయింట్లను బట్టి తేల్చుకుంటారు.

ఇందులో జనం తమను తామే మభ్యపెట్టుకునే చోటు ఒకటుంది. బిజినెస్ క్లాస్ టికెట్ ధర 5,000 డాలర్లు అని చూపించి, పాయింటుకు ఎనిమిది సెంట్లు కొట్టేశానని సంబరపడతారు. ఆ 5,000 పెట్టి వాళ్లు జన్మలో కొనరు కదా! నిజంగా మీరు డబ్బు పెట్టి కొనేది ఏ టికెట్టో, దాని ధరతో పోల్చండి. అంకె చిన్నదవుతుంది, కానీ నిఖార్సుగా ఉంటుంది.

టాక్సుల పేరుతో వచ్చే మొత్తాన్ని కూడా విడదీసి చెప్తే మంచిది. అందులో విమానాశ్రయాలకూ ప్రభుత్వాలకూ పోయేది కొంత, ఎయిర్‌లైనే తన కోసం వేసుకునే సర్‌చార్జి కొంత. టికెట్ వివరాల్లో వైక్యూ, వైఆర్ అనే కోడ్‌లతో కనపడేది ఈ రెండోదే. ఒకే విమానం, ఒకే సీటు అయినా ఏ ఎయిర్‌లైన్ మైళ్ల ప్రోగ్రామ్ పాయింట్లతో కొంటున్నామన్నదాన్ని బట్టి ఈ సర్‌చార్జి ఒక చోట పడుతుంది, ఇంకో చోట పడదు. ఈ తేడా పట్టుకుని చెప్పినవాళ్లకు గ్రూపులో దండం పెట్టాలి.

కార్డు పాయింట్లను ఎయిర్‌లైన్‌కు పంపేటప్పుడు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ బోనస్ దగ్గర ఇంకో చిక్కు. 30 శాతం బోనస్ ఉంది, మీకు 30,000 మైళ్లు కావాలి. 30,000ని 1.3తో భాగిస్తే 23,077 వస్తుంది. కానీ చాలా ప్రోగ్రామ్‌లు వెయ్యి చొప్పున మాత్రమే పంపనిస్తాయి. 23,000 పంపితే 29,900 అవుతాయి, సరిగ్గా వంద తక్కువ, టికెట్ రాదు. 24,000 పంపాల్సిందే. "దాదాపు 23 వేలు చాలు" అని రాసిన చిట్కాను నమ్మి ఒకళ్లు పంపేస్తే ఆ వంద కోసం మళ్లీ ఇంకో వెయ్యి పంపాలి, ఈలోపు ఆ సీటు ఇంకెవరో తన్నుకుపోతారు. పైగా ఇలా పంపిన పాయింట్లు మామూలుగా వెనక్కి రావు. కాబట్టి ట్రాన్స్‌ఫర్ చిట్కా ఏది రాసినా రెండు విషయాలు తప్పనిసరిగా ఉండాలి: సీటు ఉందో లేదో చూసుకున్నాకే పంపమని ఒకటి, పాయింట్లు చేరడానికి మీకు ఎంతసేపు పట్టిందో రెండోది. కొన్ని నిమిషాల్లో చేరతాయి, కొన్నింటికి రోజులు పడుతుంది.

3. పోస్టు రాయడం

ఇప్పుడు అసలు పని. ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. మామూలుగా జనం రాసేది ఇలా ఉంటుంది:

"సింగపూర్ – లండన్ చాలా చీప్! 03/04 నుంచి ఉంది. ఈరోజు రాత్రి దాకానే."

ఇందులో ఎన్ని చిక్కులున్నాయో చూడండి. 03/04 అంటే అమెరికాలో మార్చి 4, ప్రపంచంలో చాలా చోట్ల ఏప్రిల్ 3. ఈరోజు రాత్రి అంటే ఎక్కడి రాత్రి? లండన్‌లో హీత్రూనా, ఊరికి దూరంగా ఉన్న స్టాన్‌స్టెడ్డా? చీప్ అంటే ఎంత, దేనితో పోలిస్తే?

అదే డీల్‌ని ఇలా రాయొచ్చు:

"సింగపూర్ నుంచి లండన్ హీత్రూ, రానూపోనూ, ఎకానమీ, ఒకరికి అన్ని టాక్సులతో కలిపి ఇంత. ఒక స్టాప్, వెళ్లేటప్పుడు నాలుగు గంటల ఆగుడు. ఏప్రిల్ 3 నుంచి మే 20 మధ్య మంగళ, బుధవారాల్లో ఎక్కువ కనపడుతోంది. చేతి సంచి మాత్రమే, చెక్‌ఇన్ బ్యాగుకు విడిగా కట్టాలి. రద్దు చేసుకుంటే డబ్బు రాదు, తేదీ మార్చుకోవచ్చు, ఫీజు ఉంది. ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో కార్డు పేజీ దాకా వెళ్లి చూశాను, ఇవాళ యూటీసీ ప్రకారం మధ్యాహ్నం 2 గంటలకు ఉంది. ఆఫర్ ముగిసేది యూటీసీ 23:59 అని షరతుల్లో రాశారు. ఇదే రూట్ మామూలుగా ఇంత ఉంటుంది."

కాస్త పొడుగే. కానీ చదివినవాళ్లు నిమిషంలో తేల్చుకుంటారు, మళ్లీ మిమ్మల్ని ఏమీ అడగక్కర్లేదు. నెల పేరు అక్షరాల్లో రాయండి, సమయం ఏ టైమ్‌జోన్‌దో చెప్పండి (యూటీసీ అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం), కరెన్సీ పేరు రాయండి (డాలర్ అంటే అమెరికాదా, సింగపూర్‌దా, ఆస్ట్రేలియాదా?). వెతికిన దశలు వరసగా రాస్తే ఇంకా మేలు, ఎందుకంటే మీరు పంపిన లింక్‌లో వెతుకులాట తాలూకు సమాచారం కొన్నిసార్లు కాసేపటికే చచ్చిపోతుంది, తెరిస్తే హోం పేజీ వస్తుంది. స్క్రీన్‌షాట్ పెడితే పెట్టండి, కానీ వివరాలన్నీ అక్షరాల్లో కూడా ఉండాలి. బొమ్మలోని అంకెను రేపు ఎవరైనా వెతికితే దొరకదు.

రెండు వేర్వేరు టికెట్లు కలిపి కొంటే చవక అనే చిట్కా అయితే దాని ప్రమాదం కూడా అదే పేరాలో రాయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో ఎయిర్‌లైన్‌కు మామూలుగా ఏ బాధ్యతా ఉండదు. మధ్యలో బ్యాగు తీసుకుని మళ్లీ చెక్‌ఇన్ చేయాల్సి వస్తే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అంటే కొందరికి వీసా కావాలి. మీ పాస్‌పోర్ట్‌కు అక్కర్లేకపోవచ్చు, చదివేవాళ్ల పాస్‌పోర్ట్‌కు కావాలేమో. మధ్య ఊళ్లో దిగిపోయి చివరి విమానం ఎక్కకుండా వదిలేసే టికెట్లదీ ఇదే సంగతి. చాలా ఎయిర్‌లైన్స్ షరతులకు అది విరుద్ధం, చెక్‌ఇన్ బ్యాగు చివరి ఊరికి వెళ్లిపోతుంది, ఒక విమానం ఎక్కకపోతే తర్వాతవన్నీ తిరుగు ప్రయాణంతో సహా రద్దవుతాయి. ఈ మాటలు లేకుండా "ఇలా కొంటే సగం ధరే" అని రాయడం అన్యాయం.

4. ఎర్రర్ ఫేర్ అయితే పద్ధతి వేరు

ఎవరో ఒక సున్నా మర్చిపోవడం వల్లో, కరెన్సీ మార్పిడి తప్పడం వల్లో పుట్టే ధరలివి, గంటల్లో మాయమవుతాయి. ఇక్కడ పై పేరాలన్నీ పూర్తి చేసే తీరిక ఉండదు. రూట్, తేదీలు, సైట్, ధర, నాలుగు ముక్కలు ముందు పెట్టేయండి, మిగతావి తర్వాత చేర్చండి. అయితే ఈ నాలుగుకీ తోడు ఒక హెచ్చరిక మాత్రం మొదటి నిమిషంలోనే వెళ్లాలి: టికెట్ ఖాయమయ్యేదాకా హోటళ్లు, అక్కడికెళ్లాక ఎక్కే దేశంలోపలి విమానాలు, రద్దు చేసుకోలేనివి ఏవీ కొనొద్దు.

ఖాయమవడం అంటే పీఎన్‌ఆర్ రావడం కాదండోయ్. పీఎన్‌ఆర్ సీటు పట్టిపెట్టినట్టు చెప్తుంది, అంతే. 13 అంకెల ఈ-టికెట్ నంబర్ వచ్చిందా చూసుకోవాలి, అందులో మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌ను సూచిస్తాయి (ఎయిరిండియాకు 098, ఎమిరేట్స్‌కు 176 అలా). అది వచ్చాక కూడా రద్దు చేయరని గ్యారంటీ లేదు, రాకపోతే మాత్రం మామూలుగా అసలు టికెట్టే లేనట్టు.

ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి "ఈ ధర నిజమేనా?" అని అడగొద్దని కూడా రాయండి. అలా అడిగే మహానుభావుడు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు.

ఏమవుతుందో ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు. 2015 ఫిబ్రవరిలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సైట్‌లో డెన్మార్క్ కరెన్సీ లెక్క తప్పి ఫస్ట్ క్లాస్ టికెట్లు కారుచౌకగా కనపడ్డాయి. కంపెనీ వాటిని రద్దు చేసింది, అమెరికా రవాణా శాఖ కూడా కంపెనీ వైపే నిలిచింది. డెన్మార్క్‌లో లేనివాళ్లు డెన్మార్క్‌లో ఉన్నట్టు చెప్పుకుని కొన్నారన్నది అందుకు ఒక కారణం. అదే ఏడాది మే నెలలో, తప్పు ధరలను గౌరవించి తీరాలని ఎయిర్‌లైన్స్‌ను బలవంతపెట్టబోమని ఆ శాఖ ప్రకటించింది. 2019 జనవరి 1న ఇంకోలా జరిగింది: వియత్నాం నుంచి ఉత్తర అమెరికాకు క్యాథే పసిఫిక్ ఫస్ట్, బిజినెస్ టికెట్లు పొరపాటున వందల డాలర్లకే పడ్డాయి, ఆ టికెట్లను కంపెనీ గౌరవించింది. రెండు ఉదాహరణలూ చెప్పండి, ఒకటే చెప్పి ఆశపెట్టకండి.

అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి బయల్దేరే విమానాలను ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొంటే, 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోనివ్వాలి లేదా డబ్బు కట్టకుండా 24 గంటలు ఆ ధరకు పట్టిపెట్టాలి అని అక్కడి నిబంధన. ఇలాంటి వెసులుబాటు ఉన్న రూట్లలో "ముందు కొనండి, తర్వాత ఆలోచించండి" అని ధైర్యంగా రాయొచ్చు. లేనిచోట రాయకండి.

5. ఎంత గట్టిగా చెప్పాలి?

దీని మీద గొడవలు ఎప్పుడూ ఉండేవే. "నలుగురికీ చెప్తే డీల్ చస్తుంది" అనేవాళ్లు ఒకవైపు, "దాచుకోవడానికి ఇదేం నిధి" అనేవాళ్లు ఒకవైపు. నా మాట అడిగితే, డీల్ ఎలాంటిదన్నదాన్ని బట్టి ఉంటుంది.

కంపెనీ తానే చాటింపు వేసుకున్న ఆఫరైతే ఊరంతా చెప్పండి. 1999లో అమెరికాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు చేసింది ఇలాంటిదే. ఓ ఆహార కంపెనీ, పది ప్యాకెట్ల బార్‌కోడ్‌లు పంపితే 500 మైళ్లు, త్వరగా పంపితే రెట్టింపు ఇస్తానంది. ఆయన ఆ కంపెనీ వస్తువుల్లో అన్నిటికంటే చవకైన పుడ్డింగ్ కప్పులు వెతికి, 3,140 డాలర్లు పెట్టి 12,150 కప్పులు కొన్నాడు, 12 లక్షలకు పైగా మైళ్లు కొట్టేశాడు. బార్‌కోడ్‌లు వలిచే పనికి సాల్వేషన్ ఆర్మీ వాళ్ల సాయం తీసుకుని, పుడ్డింగ్ వాళ్లకే ఇచ్చేశాడు. షరతులు ఆయన చదివినంత శ్రద్ధగా వాటిని రాసినవాళ్లు కూడా చదివి ఉండరు.

సందుల్లోంచి దూరే డీళ్లు వేరు. అమెరికా టంకశాల 2008లో డాలర్ నాణేలను వాడుకలోకి తేవాలని, నాణెం విలువకే, పంపే ఖర్చు కూడా తానే పెట్టుకుని ఇంటికి పంపడం మొదలుపెట్టింది. మైళ్ల పిచ్చోళ్లు క్రెడిట్ కార్డుతో నాణేలు పెట్టెలకొద్దీ తెప్పించి, నేరుగా బ్యాంకులో వేసి, దాంతోనే కార్డు బిల్లు కట్టేశారు. ఖర్చు సున్నా, మైళ్లు బోలెడు. 2011లో కార్డుతో కొనడం ఆపేశారు. ఇలాంటివి చెప్పేటప్పుడు "ఇది ఎప్పుడైనా మూతపడుతుంది, అతి చేస్తే అకౌంట్ పోతుంది" అని రాసి, వాడుకోగలిగిన చిన్న బృందానికి చెప్తే చాలు. అబద్ధం చెప్తే తప్ప పనిచేయని డీల్ (దొంగ విద్యార్థి గుర్తింపు, లేని ఉద్యోగం పేరుతో కార్పొరేట్ కోడ్, అంటే ఓ కంపెనీ ఉద్యోగులకు మాత్రమే ఇచ్చే రాయితీ కోడ్) ఎవరికీ చెప్పక్కర్లేదు. మైళ్లు అమ్ముతాం, కొంటాం అనేవాళ్లనూ దగ్గరికి రానివ్వకండి, మైళ్లు బయటివాళ్లకు అమ్మడం దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌లోనూ నిషేధం.

ఒక ఉద్యోగి దయతలచి మీ ఫీజు మాఫీ చేస్తే, ఆ సంగతి ఊరూ పేరూ కౌంటర్‌తో సహా రాయకండి. మర్నాడు పదిమంది వెళ్లి అదే అడుగుతారు, మాటపడేది ఆ మనిషి.

6. స్క్రీన్‌షాట్‌లో మీ జాతకం ఉందేమో చూసుకోండి

పీఎన్‌ఆర్, ఇంటిపేరు, ఈ రెండూ తెలిస్తే చాలు, చాలా ఎయిర్‌లైన్ సైట్లలో మీ బుకింగ్ తెరుచుకుంటుంది. సీటు మార్చొచ్చు, కొన్నిచోట్ల రద్దు కూడా చేయొచ్చు. అక్షరాలు చెరిపేసి బార్‌కోడ్ వదిలేస్తే లాభం లేదు, అవే వివరాలు అందులోనూ ఉంటాయి, ఫోన్‌తో చదివేయొచ్చు. 2020లో ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ బోర్డింగ్ పాస్ ఫొటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, ఓ కుర్రాడు దాన్నిబట్టి బుకింగ్‌లోకి వెళ్లి ఆయన పాస్‌పోర్ట్ నంబరూ ఫోన్ నంబరూ కనిపెట్టాడు. ఆ కుర్రాడు మంచివాడు కాబట్టి విషయం అధికారులకు చెప్పాడు.

మెంబర్‌షిప్ నంబర్, కార్డు చివరి అంకెలు, ఈమెయిల్ అన్నీ నల్లరంగుతో పూర్తిగా కప్పేయండి. మసకబారిస్తే సరిపోదు.

7. కార్డులు, రెఫరల్ లింకులు

రెఫరల్ లింక్ పెట్టడం తప్పేమీ కాదు, అది రెఫరల్ అని చెప్పకపోవడమే తప్పు. "ఈ లింక్‌తో తీసుకుంటే నాకు ఇన్ని పాయింట్లు వస్తాయి" అని మొదటి వాక్యంలోనే రాసి, పక్కనే మామూలు లింక్ కూడా ఇవ్వండి. రెఫరల్ కంటే బయట దొరికే ఆఫరే పెద్దదైతే, చచ్చినట్టు ఆ మాటా చెప్పాలి.

బోనస్ అంకెతో పాటు ఎన్ని నెలల్లో ఎంత ఖర్చుపెట్టాలి, ఏవి ఆ లెక్కలోకి రావు (నగదు తీయడం, ఫీజులు మామూలుగా రావు), వార్షిక ఫీజు ఎంత, ఇంతకుముందు ఆ కార్డు వాడినవాళ్లకు బోనస్ వస్తుందా, ఇవి రాయండి. నెల బిల్లు మొత్తం కట్టలేనివాళ్లకు ఇది పనికిరాదని కూడా రాయండి, వంద ఖర్చుకు రెండు వెనక్కి వచ్చే చోట ఒకట్రెండు నెలల వడ్డీ పడితే ఆ రెండూ, వాటితో పాటు ఇంకొంతా ఎగిరిపోతుంది.

8. చెప్పి వదిలేయకండి

ఒకరు చెప్పిన డీల్ మీరు ప్రయత్నిస్తే ఫలితం రాయండి, వచ్చినా రాకపోయినా. "నాకు పనిచేసింది" అంటే చాలదు: ఏ దేశపు అకౌంట్, ఏ రోజు, ఏ కార్డు, పాయింట్లు ఎన్నాళ్లకు పడ్డాయి. వీటినే డేటా పాయింట్లు అంటారు. రాలేదని చెప్పినవాళ్లవే ఎక్కువ విలువైనవి, కానీ జనం సిగ్గుపడి రాయరు.

డీల్ అయిపోతే పోస్టు తీసేయకండి. పైన "అయిపోయింది" అని సమయంతో సహా రాసి కిందిదంతా అలాగే ఉంచండి. అప్పటికే కొన్నవాళ్లకు ఆ షరతులు కావాలి. పాత చిట్కాల మీద తేదీ లేకపోతే ఇంకో ప్రమాదం. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల అడ్వాంటేజ్ అనే మైళ్ల ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచీ చాలాకాలం ఎగిరిన దూరాన్ని బట్టే మైళ్లు వచ్చేవి. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, టికెట్‌కు పెట్టిన డబ్బును బట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. దూరం ఎక్కువ, ధర తక్కువ ఉన్న టికెట్లు కొని మైళ్లు పోగేసే పాత చిట్కాలు ఆ ఎయిర్‌లైన్స్‌లో అలా చాలావరకు చచ్చిపోయాయి, అయినా తేదీ లేని చిట్కా ఇప్పటికీ ఎవరో ఒకరు కొత్తగా కనిపెట్టినట్టు పంపుతూనే ఉంటారు.

ఆఫర్‌కు ఒప్పుకున్న రోజునే షరతుల పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా దాచుకోమని గ్రూపులో చెప్పండి. పాయింట్లు పడకపోతే కస్టమర్ కేర్‌కు పంపాల్సింది అదే, ఆపాటికి అసలు పేజీ తీసేసి ఉంటారు. ఫిర్యాదుకు గడువు ప్రోగ్రామ్‌ను బట్టి మారుతుంది, కాబట్టి ఆ గడువు కూడా డీల్ పోస్టులోనే పెట్టి, పాయింట్లు పడ్డాక ఎవరికి వాళ్లు దాని కిందే ఓ ముక్క రాస్తే, ఇంకా పడనివాళ్లకు ఎప్పుడు ఫోన్ చేయాలో తెలుస్తుంది.